రెండో చెయ్యి లేని కాలం

తెగితే గాయపాకు, కాలితే కలబంద, తేలు కుడితే చింతగింజ, కుక్క కరిస్తే కారం, ఎముక విరిగితే పుత్తూరు కట్టు, పాము కరిస్తే కాటుకు పైన తాడు బిగించి మంత్రగాడి ఇల్లు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో తెలుగు మాట్లాడే ఊళ్ళలో పెద్దవాళ్ళు ఈ వరసను తడుముకోకుండా చెబుతారు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, ఇంట్లో తెలుగూ ఆఫీసులో కన్నడమూ నడిచే సీమ ఇది. 2007 దాకా కోలారు జిల్లాలో భాగం. ఈ వరస వినగానే చదువుకున్నవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఇదంతా మూఢనమ్మకం, చదువు వస్తే పోతుంది అంటారు ఒకరు. పూర్వీకుల విజ్ఞానం, మనమే మరిచిపోయాం అంటారు ఇంకొకరు. ఇద్దరూ వీటిని ప్రథమ చికిత్స అనుకునే మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఇవి పుట్టినప్పుడు మొదటి చికిత్స, చివరి చికిత్స అనే తేడా ఈ సీమలో లేదు. దెబ్బ తగిలినప్పుడు పక్కనున్న మనిషిది మొదటి చెయ్యి అనుకుంటే, ఆ చెయ్యి నుంచి మనిషిని అందుకునే రెండో చెయ్యి వందల ఏళ్ళపాటు ఇక్కడ లేదు. కాబట్టి మొదటి చెయ్యే వైద్యం మొత్తం చేయాల్సి వచ్చింది. రెండో చెయ్యి మెల్లమెల్లగా దగ్గరికి వచ్చింది. మొదటి చెయ్యి మాత్రం తన పని తగ్గించుకోలేదు. ఇక్కడి ప్రథమ చికిత్స చరిత్రను అలా చదివితేనే అర్థమవుతుందని నా వాదన.

అసలు ప్రథమ చికిత్స అన్న పద్ధతికి పెద్ద వయసేమీ లేదు. 1859లో ఇటలీలోని సొల్ఫెరీనో దగ్గర యుద్ధంలో గాయపడ్డ వేలమంది దిక్కులేక పడి ఉండటం చూసి హెన్రీ డ్యూనాంట్ చలించిపోయాడు; 1863లో రెడ్‌క్రాస్ ఉద్యమం అలా మొదలైంది. జర్మన్ శస్త్రవైద్యుడు ఎస్మార్క్ ఏ సైనికుడైనా కట్టగలిగేలా మూడు మూలల కట్టుగుడ్డను ప్రచారంలోకి తెచ్చాడు. 1877లో ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు పీటర్ షెపర్డ్ అనే సైనిక వైద్యుడు వూలిచ్‌లో మామూలు జనాన్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పాడు. పోలీసులకు, రైలు కార్మికులకు, గని కార్మికులకు ఆ పాఠాలు బాగా పనికొచ్చాయి. వాటిలో కొత్త మందు ఒక్కటీ లేదు. రక్తం ఆపడం, విరిగిన ఎముక కదలకుండా కట్టడం, ఊపిరి ఆడేలా చూడడం, ఆపైన డాక్టరు వచ్చేదాకా మరేమీ చేయకుండా ఉండడం, అంతే. డాక్టరు పని మీదికి పోవద్దని నేర్చుకునేవాళ్ళకు గట్టిగా చెప్పేవారు. ఈ పద్ధతిలో ప్రాణం లాంటి భాగం అప్పగింత. అప్పగించడానికి అవతల ఒకరు ఉంటారన్న నమ్మకం మీదే అదంతా నిలబడింది. 1870ల ఇంగ్లండు పారిశ్రామిక పట్టణాల్లో ఆ నమ్మకానికి ఆధారం ఉంది. డాక్టరు కాలినడక దూరంలో ఉండేవాడు, ఆస్పత్రి గుర్రపుబండి దూరంలో ఉండేది.

అదే 1878లో ఈ సీమ ఎలా ఉందో చూడండి. మైసూరు రాజ్యం ఇంకా ఇంగ్లీషు కమిషనర్ల పాలనలోనే ఉంది. 1876లో మొదలైన మహాకరువు అప్పుడప్పుడే సడలుతోంది. 1871 లెక్కల్లో సుమారు 50 లక్షలున్న రాజ్యపు జనాభా 1881 నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయింది. కోలారు జిల్లా బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. డిస్పెన్సరీలు ఉంటే గింటే పెద్ద పట్టణాల్లో. బెంగుళూరులో విక్టోరియా ఆస్పత్రి తలుపులు తెరిచింది 1900లో. బాగేపల్లి నుంచి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఎడ్లబండికి మూడు నాలుగు రోజుల దారి. నాగుపాము కాటుకు మనిషి చావుబతుకులు తేలేది గంటల్లో. రక్తపింజరి అయితే ఒకటి రెండు రోజులు ఇవ్వొచ్చు, అదీ చాలదు. అలాంటి చోట ‘ఏమీ చేయకుండా ఆస్పత్రికి తీసుకుపో’ అన్న సలహా ఎంత శాస్త్రీయమైనదైనా, వినేవాడికి అది ‘చావనివ్వు’ అన్నట్టే వినిపిస్తుంది. నాటువైద్యుడూ మంత్రగాడూ జనాన్ని మోసం చేసి ఆ స్థానం సంపాదించుకోలేదు. ఖాళీగా ఉన్న స్థానంలో కూర్చున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: ఆ మందులు తరతరాలుగా పరీక్షకు నిలిచినవే కదా, పని చేయకపోతే ఎవరు వాడతారు? ఇందులో సగం నిజం ఉంది. ఈ వైద్యం కదలకుండా ఉండిపోయిన ఆచారం కాదు, ఎప్పటికప్పుడు కొత్తది పరీక్షించి కలుపుకుంటూ వచ్చింది. దీనికి మంచి సాక్ష్యం గాయపాకే. గడ్డిచేమంతి, నల్లాలం అని కూడా పిలిచే ఆ మొక్క అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. సముద్రాలు దాటి వచ్చి, కలుపు మొక్కగా గట్ల మీద పరుచుకుంది. కొడవలి తగిలిన రైతు పక్కనున్న ఆ ఆకును నలిపి పిండి చూసి ఉంటాడు, రక్తం ఆగినట్టు అనిపించి ఉంటుంది, అది మందుల వరసలో చేరింది. కుక్కకాటుకు రాసే మిరపకారం కూడా పోర్చుగీసుల వెంట వచ్చిన అమెరికా సరుకే. తెగినచోట అద్దే కాఫీపొడి, కాలినచోట పూసే ఇంకు, ఈ మధ్యకాలపు టూత్‌పేస్టు, ఇవన్నీ ఆ వరసలోకి ఒక్కొక్కటిగా వచ్చినవే. వేల ఏళ్ళ సంప్రదాయం అని ఎవరైనా గాయపాకును చూపిస్తే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వెనక ఒక గౌరవం కూడా ఉండాలి. దొరికినదాన్ని పట్టుకుని ప్రయోగం చేసిన బుద్ధి అది.

మిగతా సగం దగ్గరే పేచీ. ఒంటి కంటితో చేసే పరీక్ష దేన్ని పట్టుకోగలదు, దేన్ని పట్టుకోలేదు? చిన్న గాయం ఏం పూసినా, పూయకపోయినా మానుతుంది. తేలుకాటులో ఎక్కువ భాగం భరించలేని నొప్పి మాత్రమే. ఒక రాత్రి గడిస్తే తగ్గుతుంది. చింతగింజను బండమీద అరగదీసి వేడిమీద కాటుకు అంటిస్తే అది విషం పీల్చి రాలిపోతుందంటారు. గింజ రాలేసరికి నొప్పి కూడా సహజంగానే దిగే దశకు వస్తుంది, పేరు గింజకు దక్కుతుంది. కానీ ఎర్రతేలు చిన్నపిల్లల్ని కుట్టినప్పుడు గుండె దెబ్బతిని ప్రాణం పోయిన సందర్భాలు దక్షిణాదిలోనూ పశ్చిమ తీరంలోనూ ఎన్నో. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్ర ఆ పిల్లల్ని బతికించగలదని చూపించాడు. ఆయన అది చూడగలగడానికి కారణం ఏ పిల్ల ఎన్నింటికి వచ్చింది, నాడి ఎలా ఉంది, ఏమిచ్చాం, ఏమైంది అన్నది మంచం పక్కన కూర్చుని రాసుకోవడం. పాముకాటులో ఈ తిరకాసు ఇంకా ఎక్కువ. కరిచే పాముల్లో చాలా వాటికి విషమే ఉండదు. విషసర్పం కరిచినా కొన్నిసార్లు విషం దిగదు. అలాంటి మనిషికి మంత్రం వేసినా, వేపాకు నమిలించినా బతుకుతాడు. బతికినవాడు ఊరంతా తిరిగి చెబుతాడు. చనిపోయినవాడి విషయంలో ‘ఆలస్యంగా తెచ్చారు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఎముకల కట్టు దగ్గర మాత్రం నాటువైద్యానికి నేను ఎక్కువ మార్కులే వేస్తాను. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు ఈ తాలూకాల్లోనే కాదు, బెంగుళూరు సందుల్లో బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలు. పసరు చేసే మేలు ఎంతో చెప్పడం కష్టం గానీ, తెల్లసొన ఆరి గుడ్డ బిరుసెక్కుతుంది, దబ్బలు ఎముకను కదలనివ్వవు. చర్మం చీలని, ఎముక పెద్దగా తొలగని విరుపులకు కావలసింది ప్రధానంగా అదే. ఎస్మార్క్ తన సైనికులకు నేర్పిన సూత్రం, వెదురు దబ్బల్లో ఉన్న సూత్రం ఒకటే. బెడిసికొట్టేది ఎక్కడంటే కట్టు మరీ బిగిసినప్పుడు. వాపు పెరిగే కాలు బిగుతు కట్టులో ఉంటే రక్తం ఆడక చచ్చుబడుతుంది. అలా కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చిన కేసులు ఎముకల డాక్టర్లకు కొత్త కావు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిన గాయం మీద పసరు వేస్తే చీము పడుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తప్పు కట్టు కట్టడంలో లేదు. కట్టు కట్టాక రోగిని దాటించకుండా తన దగ్గరే ఉంచుకోవడంలో ఉంది.

చదువులేకనే ఈ తప్పులన్నీ అనేవాళ్ళకు అచ్చుపుస్తకాల చరిత్ర చూపించాలి. విశాఖపట్నంలో ఉండి పాముల మీద పెద్ద గ్రంథం రాసిన పాట్రిక్ రస్సెల్, 1796లో అది అచ్చయ్యేనాటికే, తంజావూరు మాత్ర అనే పాషాణపు మందును కుక్కల మీద, కోళ్ళ మీద పరీక్షించాడు. ఆ మాత్రకు ఇంగ్లీషు దొరల్లో కూడా గిరాకీ ఉండేది. 1904లో లండను రాయల్ సొసైటీ సభ్యుల స్థాయి మనుషులే, ఫేయరర్, బ్రంటన్, రోజర్స్ అనే ముగ్గురు, పిడిలో పొటాషియం పర్మాంగనేటు పలుకులు నింపిన చిన్న కత్తిని సిఫారసు చేశారు: కాటును కోసి, ఆ పలుకులు రుద్దాలి. విషం విరగలేదు, కండ మాత్రం కాలింది. కాటుకు పైన తాడు బిగించమనీ, కోసి పీల్చమనీ ప్రథమ చికిత్స పుస్తకాలు 20వ శతాబ్దంలో చాలాకాలం చెబుతూనే వచ్చాయి. స్కాట్లండులోని క్యారన్ ఇనుప కర్మాగారంలో కాలిన గాయాలకు సున్నపు నీళ్ళూ అవిసెనూనే కలిపి పూసేవారు, ఆ నూనెకు కర్మాగారం పేరే వచ్చింది. మన ఇళ్ళలో సున్నపు తేట, కొబ్బరినూనె కలిపి పూయడానికీ దానికీ తేడా నూనెలోనే. నీళ్ళలో మునిగినవాణ్ణి ఇక్కడ వీపున తలకిందులుగా వేసుకుని పరిగెత్తేవారు, కడుపు నొక్కి నీళ్ళు కక్కించేవారు. యూరపులో పీపా మీద బోర్లా వేసి దొర్లించేవారు. తర్వాత 1858లో సిల్వెస్టర్ పద్ధతి, 1903లో షేఫర్ పద్ధతి, 1932లో హోల్గర్ నీల్సన్ పద్ధతి, ఒకదాని తర్వాత ఒకటి పుస్తకాలకెక్కి దిగిపోయాయి. నోటితో ఊపిరి ఊదడం 1950ల చివరలో, రొమ్ము మీద నొక్కి గుండె ఆడించడం 1960లో ఆస్పత్రుల పరిశీలన నుంచి వచ్చాయి. చెరువులూ దిగుడు బావులూ నిండా ఉన్న పాత కోలారు జిల్లాలో ఆ చివరి రెండూ తెలిసి ఉంటే ఎందరు పిల్లలు బతికేవారో.

అయితే పుస్తకానికీ పసరుకూ తేడా ఎక్కడుంది? పుస్తకం తన తప్పును దిద్దుకోగలిగింది. దానికి కారణం రాసినవాళ్ళు తెలివైనవాళ్ళు కావడం కాదు; రెండో చెయ్యి దగ్గర ఒక లెక్క ఉండటం. ఆస్పత్రిలో తాడు బిగించి తెచ్చినవాళ్ళూ, బిగించకుండా తెచ్చినవాళ్ళూ పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. ఎవరి కాలు నల్లబడింది, తాడు విప్పగానే ఎవరు కుప్పకూలారు అన్నది కనిపిస్తుంది. ఆ లెక్క మొదటి చెయ్యికి తిరిగి చేరినప్పుడే ప్రథమ చికిత్స మారుతుంది. ఊళ్ళో మంత్రగాడికి ఆ లెక్క ఎన్నడూ చేరలేదు. రెండో చెయ్యి వైద్యం ఇస్తుందని మాత్రమే అనుకుంటాం. మొదటి చెయ్యికి పాఠం చెప్పేది కూడా అదే.

ఆ రెండో చెయ్యి ఈ సీమకు రావడం 20వ శతాబ్దపు కథ, అదీ అంతటా ఒకేసారి కాదు. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ తెరిచాక, పిచ్చికుక్క కరిచినవాడికి దక్షిణాదిలో మొదటిసారి నిజమైన ఆశ పుట్టింది, కానీ అది నీలగిరుల మీద ఉంది. 1913లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు చిక్కబళ్ళాపురంలో ఆస్పత్రి పెట్టారు, ఇప్పటి సి.ఎస్.ఐ. ఆస్పత్రి అదే. 1915లో బెంగుళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్నగేజి రైలు వచ్చింది, తర్వాత అది శిడ్లఘట్ట, చింతామణి మీదుగా కోలారుకు కలిసింది. ఎడ్లబండిలో రెండు రోజులు పట్టే దారి ఒక పూటకు కుదించుకుపోయింది. చిక్కబళ్ళాపురం, చింతామణి వాసులకు ఇలా రైలూ ఆస్పత్రీ దగ్గరపడుతుంటే బాగేపల్లికి మాత్రం రెండూ దూరంగానే ఉండిపోయాయి. ఆ ఊరికి రైలు ఇప్పటికీ లేదు. 1948లో మైసూరు ప్రభుత్వం బస్సులు మొదలుపెట్టాక, 1950లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పుట్టాక అక్కడ మార్పు కనబడింది. ఆ తర్వాత పెద్ద అడుగు 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ అంబులెన్సు పద్ధతి 2008 నవంబరు 1న ఆరోగ్య కవచ పేరుతో కర్ణాటకకు వచ్చింది. నాటువైద్యం ఏ ఊళ్ళో ఎంతకాలం బలంగా నిలిచిందో చూడాలంటే కులమో మతమో అక్షరాస్యతో కాక, ముందు ఈ దారుల పటం చూడాలని నాకనిపిస్తుంది.

దూరం ఒక్కటే కొలత కాదని ఈ సీమ పట్టుపరిశ్రమ చెబుతుంది. జిల్లా ఒకటే అయినా కోలారు బంగారు గనుల్లో ప్రథమ చికిత్స ఒక క్రమశిక్షణగా నడిచింది, ఎందుకంటే అక్కడ కంపెనీ ఉంది, కంపెనీ ఆస్పత్రి ఉంది, గనుల చట్టం ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, 500 మంది దాటితే అంబులెన్సు గది ఉండాలనీ చెప్పింది. శిడ్లఘట్ట, చింతామణిలో పట్టుదారం తీసే రీలింగు కొట్టాలకు ఈ లెక్క తగల్లేదు. ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది, లేనిచోట 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అనిపించుకునేది. చరకా కొట్టంలో పనివాళ్ళు ఇంటివాళ్ళతో కలిపి నలుగురైదుగురు. టిప్పు సుల్తాను కాలంలో మైసూరు సీమకు వచ్చిన ఈ పనిలో గూళ్ళను మరిగే నీళ్ళలో వేసి, దారపు కొసను వేళ్ళతో తడుముతూ పట్టాలి. వేళ్ళు రోజంతా వేడినీళ్ళలో నాని చర్మం ఊడుతుంది, బేసిను ఒలికితే కాలు కాలుతుంది, పక్కనే పసిపిల్లలు ఆడుకుంటుంటారు. కాలిన వెంటనే 20 నిమిషాలు ధారగా మామూలు చన్నీళ్ళు పోయడం కంటే మేలైన మందు ఇంతవరకు లేదు. నీళ్ళకు కరువున్న సీమే గానీ, రీలింగు కొట్టంలో ఒక తొట్టి నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. అయినా చెయ్యి ఇంకు సీసా వైపో టూత్‌పేస్టు వైపో పోతుంది. నీళ్ళు పోస్తే బొబ్బ లేస్తుందన్న భయం ఇంకా గట్టిగానే ఉంది. కొట్టం నుంచి ఆస్పత్రికి అర కిలోమీటరు దూరం ఉన్నా, పని గంటల కూలి పోగొట్టుకుని వెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి, ఇక్కడ మొదటి చెయ్యి చివరి చెయ్యిగానే మిగిలిపోయింది. చట్టం పెట్టెను లెక్కపెట్టింది, వేళ్ళను లెక్కపెట్టలేదు.

రోడ్డు మీద అడ్డుపడింది మరొకటి, పోలీసు భయం. బెంగుళూరు–హైదరాబాదు జాతీయ రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి పక్కగా పోతుంది. గుద్దుకున్న బండి దగ్గర జనం పోగై, ముట్టుకోకుండా చూస్తూ నిలబడటాన్ని మానవత్వం చచ్చిపోయిందని రాస్తారు. ముట్టుకున్నవాడు సాక్షిగా ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తే, ఆస్పత్రి ముందు డిపాజిట్టు కట్టమంటే, చూస్తూ నిలబడటం లెక్క ప్రకారం తెలివైన పనే. మెడికో లీగల్ కేసు అయినా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సాయం చేసినవాణ్ణి వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో అదే కోర్టు చట్టబలం ఇచ్చింది. ఆ ఏడే కర్ణాటక ఇలా సాయపడేవాళ్ళ రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది, 2018లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2023 అక్టోబరు 26 ఉదయం పొగమంచులో చిక్కబళ్ళాపురం శివార్లలో ఆగి ఉన్న ట్యాంకరును ఒక కారు గుద్దుకుని 13 మంది పోయారు. అంతటి దెబ్బలకు ఏ కట్టుగుడ్డా చాలదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ప్రథమ చికిత్సకు హద్దు ఉంది. కానీ రహదారి మీద పోయే ప్రాణాలన్నీ అలాంటివి కావు. కాలి నుంచి కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఉంచితే ఆగే సందర్భాలు ఎన్నో.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. రెండో చెయ్యి దగ్గరికి వచ్చిందంటున్నారు, ఆ చేతిలో ఏముంది? ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఉండడు, విషం విరుగుడు ఇంజెక్షను ఉంటే వెంటిలేటరు ఉండదు, పెద్దాస్పత్రికి పొమ్మని చీటీ రాసిస్తారు. అలాంటప్పుడు జనం మంత్రగాడి దగ్గరికి పోతే తప్పేముంది? ఈ మాటలో కోపానికి న్యాయం ఉంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోయారని అంచనా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఉన్నాయి. కర్ణాటక 2024 ఫిబ్రవరిలో పాముకాటును ఆస్పత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన కేసుల్లో చేర్చింది. అంటే అంతదాకా సరైన లెక్కే లేదన్నమాట. గుండెపోటుకు తాలూకా ఆస్పత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షను ఉచితంగా ఇచ్చే పునీత్ రాజ్‌కుమార్ హృదయజ్యోతి పథకం కూడా నిన్నమొన్నటిదే. లోటు నిజమే. కానీ ఆ లోటుకు జవాబు మొదటి చెయ్యి తిరిగి పాత పని నెత్తికెత్తుకోవడం కాదనడానికి నేపాలు తెరాయి ప్రాంతంలోని దమక్‌లో గట్టి రుజువు దొరికింది. అక్కడ పాముకాటు వైద్య కేంద్రం ముందే ఉంది. 2000ల మొదట్లో ఊళ్ళలో మోటారు సైకిళ్ళవాళ్ళను సిద్ధం చేసి, కాటుపడ్డ మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి నేరుగా కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు, దానితోపాటు జనానికి ఏం చేయకూడదో చెప్పారు. కొత్త మందేమీ రాలేదు. కరిచినవాళ్ళలో చావులు నూటికి 10.5 నుంచి 0.5కు పడ్డాయి. తాడు బిగించడానికీ, నాటువైద్యుడి ఇంటి ముందు వరసలో కూర్చోవడానికీ, ఆకు కోసం గట్టు వెతకడానికీ పోయే గంటల ఖరీదు ఎంతో ఆ రెండు అంకెల మధ్య ఉంది.

పాముకాటుకు ఇప్పుడు మన దేశపు వైద్య మార్గదర్శకాలు మొదటి చెయ్యికి చెప్పే పని చాలా చిన్నది: భయం పోగొట్టు, కాటుపడ్డ కాలు కదలకుండా చూడు, ఆస్పత్రికి చేర్చు, దారిలో కనిపించిన లక్షణాలు డాక్టరుకు చెప్పు. ఇందులో రెండో పని ఈ తాలూకాల్లో ఎముకల కట్టు కట్టేవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళ వెదురు దబ్బలే అందుకు సరిపోతాయి. వాళ్ళు మార్చుకోవాల్సింది బిగువు ఒక్కటే: విరిగిన ఎముకకు అలవాటైన బిగుతు కాకుండా, గుడ్డ కింద ఒక వేలు సులువుగా దూరేంత వదులు. పసరు వద్దు, పాత ఆచారపు తాడు వద్దు. దబ్బలు కట్టి, పక్కింటి మోటారు సైకిలు మీద ఎక్కించి, కాటు ఎన్ని గంటలకు పడిందో వెనక కూర్చునేవాడికి చెప్పి పంపడం వరకే వాళ్ళ పని. బాగేపల్లిలో అయితే తాలూకా ఆస్పత్రికి, అక్కడ లేదంటే చిక్కబళ్ళాపురానికి.